ఎగ్జామినర్ బాబు గుడ్లు చూసిన వైనం

తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. భీమేశ్వరరావుకి ఆ సౌకర్యం లేదు కనక, రిటైరైన దగ్గర్నుంచీ సొంత ఇంట్లోనే మూలమూలకీ వెళుతుండేవాడు. కుళాయిలు విప్పి వాషర్లు చూసేవాడు. గ్యాసు ట్యూబుకి సబ్బు నురగ పట్టించి, బుడగ లేస్తుందేమోనని గుడ్లప్పగించి కూర్చునేవాడు. ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో వేగన్ ఎగ్జామినర్‌గా చేసిన మనిషి. గూడ్సు బండి ఆగితే ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచి, చక్రం చక్రానికీ సుత్తి తగిలించి, మోత విని, సరే అంటేనే బండి కదిలేది. చూడకుండా దేన్నైనా పోనివ్వడం ఆయన వల్ల కాదు.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి గుడ్లు పొదిగే మెషీను తేవడం కోడలు సాయిసుధ చేసిన మొదటి పొరపాటు అనుకోవాలి. పొరపాటని అప్పుడు ఎవరికి తెలుసు? బరంపురంలో గోసాని నువాగాం సందులో వాళ్ళ ఇల్లు. సాయిసుధ ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. సెలవుల్లో భువనేశ్వర్ వెళ్ళి కౌజు పిట్టల పెంపకం మీద అయిదు రోజులు నేర్చుకుని, నోట్సు నిండా రాసుకుని వచ్చింది. మేడమీది గది ఖాళీ చేయించి మెషీను పెట్టింది. బీరువాలో సగం ఉంటుంది అది. లోపల ఫ్యాను తిరుగుతుంది, వేడి ఎంతో ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది, ట్రేలు వాటంతటవే ఇటోసారి అటోసారి ఒరుగుతాయి. గుడ్డుని మనిషి ముట్టుకోవలసిన పనే లేదు. ఆ మాట వినగానే భీమేశ్వరరావు మొహం చిన్నబోయింది.

"మరి మనం సెయ్యడానికి ఏటుంటాది?" అన్నాడు.

"పదిహేడు రోజులు ఊరుకోడమే మావయ్యగారూ. అదే కష్టమంట," అంది కోడలు నవ్వుతూ.

గుడ్లు మాత్రం ఆయన మాట మీద వచ్చినవే. ఖల్లికోటలో సోములని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు భీమేశ్వరరావు కింద ఖలాసీగా చేసి, ఆయన సుత్తీ లాంతరూ మోసినవాడు. రిటైరయ్యాక ఇంటి వెనక బోనులు కట్టుకుని, భార్య గురువమ్మతో కలిసి కౌజు పిట్టలు పెంచుతున్నాడు. బాబు కోడలికి కావాలనగానే నూట యాభై గుడ్లు ఏరి, వరిపొట్టులో సర్ది, పాసింజరులో తనే పట్టుకొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప దగ్గర గొంతుక్కూర్చుని, గాజుగ్లాసుతో టీ తాగుతూ అన్నాడు.

"మా గురువమ్మ ఒక్కో గుడ్డూ సూసి ఏరినాది బాబూ. మీ ఇంటికి ఎల్లే సరుకులో మాట రాకూడదు కదా. మీ కింద ఇరవై రెండేళ్ళు సేసినాను, ఒక్క రిమార్కు నేదు నా మీద."

నిజమే. సోములు మీద సర్వీసు కాగితాల్లో రిమార్కు లేదు. రాయవలసివస్తే రాసేది భీమేశ్వరరావే, ఆయనెప్పుడూ రాయలేదు. సోములు ఆ సంగతి పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకునేవాడు.

సాయిసుధ నోట్సు ప్రకారం గుడ్లని ఏడో రోజున ఒకసారి లైటు పట్టి చూడాలి. లోపల ప్రాణం పోసుకుంటే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ లేనిది ఖాళీగా వెలుగుతుంది. ఖాళీవి తీసేసి, మిగతావి పద్నాలుగో రోజున మరొక్కసారి చూసి, ఇక తలుపు మూసేయడమే. ఏడో రోజు సాయంత్రం మామా కోడలూ గది కిటికీలకి దుప్పట్లు కట్టి, చీకటి చేసి, టార్చి మూతికి అట్ట గొట్టం చుట్టి మొదలెట్టారు. కోడిగుడ్డయితే కనిపించేదే. కౌజు గుడ్డు ఒళ్ళంతా మచ్చలు, సిరాబుడ్డి మీద పడ్డట్టు. లైటు పడితే ఆ మచ్చలే కనిపిస్తాయి తప్ప లోపలేముందో బ్రహ్మకి కూడా తెలీదు. ఇరవై గుడ్లు చూసేసరికి సాయిసుధకి కళ్ళు నీళ్ళు కారాయి.

"పోనీండి మావయ్యగారూ. పద్నాలుగో రోజున సూద్దాం. అన్నీ ఉంచేద్దాం," అంది.

ఉంచేద్దాం! చూడకుండా బండి పంపించేద్దాం అన్నట్టు వినిపించింది ఆయనకి.

మర్నాడు పొద్దున్న మలుపు దగ్గర మినపగారెల్లాంటి బరాలు, బఠాణీల ఘుగుని కొనుక్కుని వచ్చాడు. కాగితం పొట్లం విప్పి బరాలు పళ్ళెంలో వేసి, కాగితం పారెయ్యబోతూ ఆగిపోయాడు. నూనె పీల్చిన చోట కాగితం గాజులా అయింది. అవతల రమాదేవి చీర అంచు కనిపిస్తోంది. భార్యని అంత శ్రద్ధగా చూసి ఆయనకి చాలా ఏళ్ళయింది.

"ఏటండీ అలగ సూస్తన్నారు?" అంది రమాదేవి.

"నువ్వుల నూనె ఎక్కడుంది?" అన్నాడు ఆయన.

కోడలు బడికి వెళ్ళాక మేడెక్కాడు. గది చీకటి చేశాడు. ఒక గుడ్డు తీసి, వేలితో నూనె పట్టించి, టార్చి మీద పెట్టాడు. ఏం చెప్పమంటారు! మచ్చల మధ్య సందులన్నీ తెరుచుకున్నట్టయి, గుడ్డంతా నారింజ రంగులో వెలిగింది. లోపల ఎర్రటి నరాలు, నరాల నడుమ ఆవగింజంత నల్లటి చుక్క. ఆ చుక్క ఊరికే లేదు. కొట్టుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళు ఇనుము మోత విన్న మనిషి, మోతే లేని ఆ కొట్టుకోవడాన్ని చూసి నోరు తెరిచాడు. "రమా! ఒరే రమా!" అని మేడమీంచి పిలిచాడు. పెళ్ళాన్ని ఒరే అని పిలవడం ఆయన జీవితంలో అదే మొదలు. రమాదేవి మోకాళ్ళు పట్టుకుని ఎక్కి వచ్చి చూసి, "అమ్మో, తల్లీ," అని చెయ్యి గుండె మీద వేసుకుంది.

సాయంత్రందాకా ఒక్కొక్కటే అన్నిటికీ రాశాడు. రాసి, చూసి, గుడ్డపేలికతో పైపైన తుడిచి, పెన్సిలుతో గుర్తు పెట్టి ట్రేలో సర్దాడు. పదకొండు గుడ్లు మాత్రం మచ్చల్లేకుండా పాలిపోయినట్టున్నాయి. వాటికి నూనె అక్కర్లేకపోయింది, ఊరికే కనిపించాయి. మొత్తం మీద ఇరవై ఆరు ఖాళీ, నూట ఇరవై నాలుగింటిలో ప్రాణం.

గుడ్డు పెంకు ఊపిరి పీలుస్తుందని ఆయనకి తెలీదు. కంటికి కనపడని చిల్లులు వేలకి వేలుంటాయి పెంకుకి. లోపలి ప్రాణి వాటిలోంచే గాలి తీసుకుంటుంది. ఆయనెరిగిన లోకంలో నూనె లేక చెడినవే తప్ప నూనె తగిలి చెడినవి లేవు. ఇరుసు కాలినా, తలుపు కిర్రుమన్నా, మోకాలు పట్టేసినా, పసిపిల్ల ఒళ్ళు పగిలినా మందు అదే. పాపం, ఆయన్ని తిట్టాలంటే నాకు నోరు రావడం లేదు. తర్వాత జరిగిన దానికి తిట్టాలి గాని దీనికి కాదు.

సాయిసుధ బడి నుంచి వచ్చి పెన్సిలు గుర్తులు చూసి విస్తుపోయింది. "అన్నీ సూసేసినారా? ఎలగ కనిపించినాయి మావయ్యగారూ? మీవి కళ్ళా, ఎక్స్‌రే మెషీనా?" అంది. అక్కడ చెప్పేస్తే పోయేది. నూనె రాశానమ్మా అని నాలుగు ముక్కలు. చెప్పలేదు. పనివాడు పనిలో కిటుకు చెప్పడు కదా! మీసం మీద చెయ్యి వేసుకుని, "అనుభవం," అన్నాడు. కోడలు అక్కడికక్కడే సోములుకి ఫోను చేసి, నూట యాభైకి నూట ఇరవై నాలుగు పట్టాయని చెప్పింది. అవతల సోములు మురిసిపోయి, ఫోనులోనే గురువమ్మని కేకేశాడు.

పదో రోజున ఆగలేక మళ్ళీ చూశాడు. కోడలికి చెప్పకుండానే. మొదటి ట్రేలో నాలుగో గుడ్డులో చుక్క కదలడం లేదు. నరాలన్నీ విరిగిపోయి, ఒక ఎర్రటి గీత ఉంగరంలా చుట్టుకుని ఉంది. సరిగా కనబడలేదేమోనని ఇంకొంచెం నూనె రాశాడు. ఇంకా బాగా కనిపించింది. అది చచ్చిపోయింది. ఆ రోజు చచ్చినవి పదిహేడు లెక్క తేలాయి. మర్నాడు మరో ఇరవై. అనుమానం వచ్చినదానికల్లా మళ్ళీ నూనె రాసి మరీ చూశాడు, ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకోవాలని. రమాదేవి వంటింట్లోంచి, "నూనె సీసా ఇలగ అయిపోతందేటండీ, ఎలకలు తాగేస్తన్నాయేటి?" అని అడిగింది.

గుడ్లు చచ్చిపోతున్నాయని కోడలికి చెప్పక తప్పలేదు. సాయిసుధ మెషీను నమ్మకం లేక లోపల ఇంకో థర్మామీటరు పెట్టింది, నీళ్ళ పళ్ళెం మార్చింది, వేడి సరిగ్గానే ఉంది. ఇళ్ళల్లో అందరూ కరెంటు పోతుందని భయపడతారు. ఆ పన్నెండు రోజుల్లో కరెంటు ఒక్క నిమిషం పోలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం పశువుల ఆసుపత్రిలో పనిచేసే రేష్మ అనే అమ్మాయిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చింది. రేష్మ పాతికేళ్ళ పిల్ల, కానీ పనిలో దిట్ట. అంకెలు చూసింది, ట్రేలు చూసింది, చచ్చిన గుడ్డు ఒకటి పళ్ళెంలో పగలగొట్టి చూసింది. పిల్ల రూపం ఏర్పడి ఉంది. ఈకల మొలకలు కూడా. పెంకు ముక్కని రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, తలెత్తింది.

"దీనికి నూనె రాసినారా ఎవరేనా?"

"నూనా? నూనెందుకు రాస్తాం మేడమ్?" అంది సాయిసుధ.

"రాస్తే పెంకుకి గాలాడదు. లోపల పిల్ల ఊపిరాడక సచ్చిపోతాది. ఒక్కసారి కాదు, మెల్లమెల్లగా. సూడండి, ఇదీ జిడ్డే, ఇదీ జిడ్డే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. భీమేశ్వరరావు తడుముకోలేదు. చేతులు కదిలితే కదా! గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. గుమ్మంలో రమాదేవి ఆయన వైపే చూస్తోంది, నూనె సీసా ఎక్కడికి పోతోందో ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆయన చెబుతాడని ఆగింది. భర్తని పరాయి పిల్ల ఎదట పట్టిచ్చే అలవాటు ఆవిడకి లేదు.

"మా ఇంట్లో నేను తప్ప ముట్టుకునేది మావయ్యగారొక్కరే," అంది సాయిసుధ. ఆ తర్వాతి మాట ఎంత నమ్మకంగా అందో, ఆయన బతికున్నంతకాలం మరిచిపోడు. "ఆయన నాకంటే జాగర్త."

"అయితే తెచ్చిన కాడే రాసుంటారు," అంది రేష్మ. "తినడానికి అమ్మే గుడ్లు పాడవకుండా కొందరు నూనె రాస్తారు. ఆటినే మీకు ఇచ్చేసినట్టున్నారు. ఇంక ఆ మనిషి దగ్గర తీసుకోకండి."

రేష్మ మెట్లు దిగేలోపే సాయిసుధ సోములుకి ఫోను కలిపింది. స్పీకరులో పెట్టింది. మామగారి ఎదటే. పిల్లకి కోపం ఎప్పుడో గాని రాదు, వస్తే మాత్రం పట్టుకోవడం కష్టం.

"సోములుగారూ, అమ్మకానికి నూనె రాసుంచిన గుడ్లు మాకు అంటగట్టినారా? అడిగితే లేవని సెప్పొచ్చు కదా? మావయ్యగారి మొహం సూసి నమ్మినాను నేను. పిల్లలు లోపల ఊపిరాడక సచ్చిపోతన్నాయి. రోజుకి ఇరవై!"

"నూనా? నేదమ్మా, నూనేటి..." అవతల గొంతు తడబడింది. తర్వాత ఫోను పక్కకి తిప్పిన చప్పుడు. "గురువమ్మా! గుడ్లకి నూనె రాసినావేటే? సెప్పు! బాబు ఇంటికి పంపిన గుడ్లకి!" దూరంగా ఆడగొంతు, "నేదయ్యో, నేనెందుకు రాస్తాను," అనడం వినిపించింది. "బాబు ఉన్నారా తల్లీ అక్కడ? ఓసారి బాబుకివ్వండి," అన్నాడు సోములు.

సాయిసుధ ఫోను చాపింది. భీమేశ్వరరావు అందుకున్నాడు. ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. చివరికి, "తర్వాత మాట్లాడతాను సోములూ," అన్నాడు. ఖలాసీకి ఆ మాట ఎలా వినబడుతుందో ఎగ్జామినరుకి తెలుసు. తర్వాత మాట్లాడతాను అంటే రిమార్కు పడినట్టే.

ఆ రాత్రి రమాదేవి అడిగింది. "సెప్పరా?" అని. "సెప్తాను," అన్నాడు. "రాసినాటిలో ఇంకా యాభై పైనే బతికున్నాయి. ఆటిలో సగమేనా దిగితే, అప్పుడు సెప్తే కొంచెం..." రమాదేవి పక్కకి తిరిగి పడుకుంది.

ఆ యాభైనీ బతికించాలని ఆయన చెయ్యని పని లేదు. కోడలు బడికెళ్ళగానే మేడెక్కేవాడు. పొడిగుడ్డతో తుడిచాడు. బియ్యప్పిండి చల్లి, జిడ్డు పీలుస్తుందేమోనని దూదితో ఒత్తి తీశాడు. పూజగదిలోంచి విభూతి తెచ్చి రాశాడు. పెంకులోకి ఇంకిన నూనె పిండితో వస్తుందా, విభూతితో వస్తుందా! తుడిచి, లైటు పెట్టి చూసేవాడు. ఇప్పుడు టార్చి అక్కర్లేనంత బాగా కనిపిస్తున్నాయి అన్నీ. ఆయన నూనె చేసిన మేలు అది. పిల్ల మెడ వంచుకుని, కాళ్ళు ముడుచుకుని ఉండడం కనిపిస్తోంది. కదలడం కనిపిస్తోంది. నిన్న గబగబా కదిలింది ఇవాళ మెల్లగా కదలడం కనిపిస్తోంది. ఒక గుడ్డుని అరగంట అలాగే పట్టుకుని కూర్చున్నాడు, ఆగి ఆగి ఒక్కో కదలిక, దానికీ దీనికీ మధ్య ఎడం పెరుగుతూ. రైలు పట్టా మీద ఉంటే ఎర్రజెండా ఊపి ఆపేవాడు. దీనికి ఏ జెండా ఊపాలి? "ఊపిరి తియ్యమ్మా, తియ్యి," అని గుడ్డుతో అన్నాడు, పెద్దవాడు, డెబ్భై ఒకటి దాటినవాడు. పదిహేనో రోజు మధ్యాహ్నానికి నూనె రాసిన వాటిల్లో ఒక్కటీ మిగల్లేదు.

పదిహేడో రోజు పొద్దున్న మెషీనులోంచి సన్నగా కిచకిచలు. సాయిసుధ పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. పాలిపోయిన ఆ గుడ్లలో ఎనిమిది చిట్లి, బొటనవేలంత పిల్లలు తడితడిగా తూలుతున్నాయి. "మావయ్యగారూ, రండి! ఎనిమిది!" అని పిల్లలా గెంతింది. వాటిని దోసిట్లో పట్టుకుని, "ఈటికి మాత్రం ఏటీ అవ్వలేదు, సూడండి. ఎందుకంటారు?" అంది.

"ఆటికి నేను నూనె రాయలేదమ్మా," అన్నాడు భీమేశ్వరరావు.

మొదలుపెట్టాక ఆగలేదు. బరా కాగితం నుంచి బియ్యప్పిండి దాకా చెప్పాడు. సాయిసుధ దోసిట్లో పిల్లల్ని మెల్లగా ట్రేలో దింపింది. అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండుననుకున్నాడు.

"నా గుడ్ల సంగతి పోనీండి," అంది చివరికి. "ఆ మనిషిని నేనేటేటి అన్నానో మీరిక్కడే ఉండి విన్నారు కదా. అయిదు రోజులైంది మావయ్యగారూ." వెంటనే సోములుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు.

మర్నాడు పొద్దుటి పాసింజరెక్కాడు భీమేశ్వరరావు. ఛత్రపురం, హుమ్మా, రంభ. తనెరిగిన స్టేషన్లే, ప్రతి చోటా ఎవరో ఒకరు నమస్కారం పెట్టే దారే. తల కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలో నూరుసార్లు అనుకున్నాడు. ముందు చేతులు జోడించాలి, తర్వాత మాట. ఖల్లికోటలో దిగి సోములు ఇంటికి నడిచేసరికి ఎండ ఎక్కింది.

సోములు వాకిట్లో ఉన్నాడు. బాబుని చూసి దిగ్గున లేచాడు, తువ్వాలు భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకున్నాడు. మనిషి చిక్కిపోయాడు. భీమేశ్వరరావు చేతులు జోడించేలోపే లోపల్నుంచి గురువమ్మ వచ్చి ఆయన కాళ్ళ మీద పడింది.

"తప్పైపోనాది బాబూ. నేనే రాసినాను. బుద్ధి గడ్డి తిని రాసినాను. సెమించండి."

భీమేశ్వరరావుకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. "లే అమ్మా, లే," అంటున్నాడు, "నువ్వు రాయడమేటి? రాసింది నేను!"

"సూసినావటే," అన్నాడు సోములు భార్యతో. "నీ తప్పు బాబు నెత్తినేసుకుంటన్నారు. సూడు ఎలాటి మనిషో."

"నెత్తినేసుకోడం కాదు సోములూ! నేనే, ఈ సేతుల్తో, లోపల కనబడతాదని..." బరా కాగితం సంగతి చెప్పాడు. టార్చి సంగతి చెప్పాడు. చెబుతుంటే తనకే అది కట్టుకథలా వినిపించింది. ముప్పై నాలుగేళ్ళ ఎగ్జామినరు బరా కాగితం చూసి గుడ్లకి నూనె రాశాడంటే ఎవరు నమ్ముతారు? సోములు కళ్ళు తుడుచుకుంటూ తలాడిస్తున్నాడు, చిన్నపిల్లవాడి అబద్ధం ముద్దుగా వింటున్నట్టు.

"తెల్ల గుడ్లకి రాయలేదు నేను, అందుకే అవి ఎనిమిది దిగినాయి. అదే సాక్ష్యం," అన్నాడు ఆఖరికి.

"అవును బాబూ," అంది గురువమ్మ, నేల చూస్తూ. "తెల్లయి ఒగ్గేసినాను. ఆటికి రాయనేదు."

భీమేశ్వరరావు ఫోను తీసి కోడలికి కలిపి సోములు చేతికిచ్చాడు. సాయిసుధ ఏడుస్తూ చెప్పింది, మావయ్యగారే రాశారని, తనని క్షమించమని. సోములు, "అలాగేనమ్మా, అలాగే తల్లీ," అని విని, ఫోను తిరిగిచ్చేసి, "కోడలమ్మది కూడా మీ మనసే బాబూ. పాపం, మీరు సెప్పమన్నట్టే సెప్పినాది," అన్నాడు. బాబుకి బొండాం కొట్టి తెస్తానని కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

ఇద్దరే మిగిలారు. గురువమ్మ ఎడమ చెంప మీద నీలంగా కమిలి ఉంది. అప్పటిదాకా కొంగు అడ్డం పెట్టుకుంది, ఇప్పుడు తీసేసింది.

"నువ్వు రాయలేదమ్మా," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"నాకు తెల్దా బాబూ? నేను రాయనేదంటే మీరే రాసినారని మీరు నోరిప్పగానే తెలిసినాది," అంది గురువమ్మ. ఆ గొంతులో ఇందాకటి ఏడుపు లేదు. "ఆ రోజు ఫోనెట్టినాక నన్ను కొట్టినాడు. ముప్పై ఏళ్ళలో నా మీద సెయ్యెత్తని మనిషి. బాబు తర్వాత మాట్లాడతానన్నారు, బాబు దగ్గర నా పేరు పోనాదని మూడు రోజులు అన్నం ముట్టనేదు. నేను నేదు నేదంటే ఇంకా కుంగిపోతన్నాడు. నాలుగోనాడు రాసినానని ఒప్పేసుకున్నాను. అప్పుడు తిన్నాడు."

"నేను మళ్ళీ సెప్తాను. నమ్మేదాకా సెప్తాను."

"సెప్పకండి." చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ రోజు సెప్పాల్సింది. ఒక్క మాట. ఇప్పుడు సెప్పి నమ్మించినారనుకోండి, తప్పు నేకుండా నన్ను కొట్టినానని తెలుస్తాది. అది మోయలేడు ఆయన. మీరంటే దేవుడు. దేవుడూ పోయి, పెళ్ళాం దగ్గర మొగమూ పోయి, ఇంకేటుంటాది ఆయనకి? నా మాటకేటి బాబూ, మోస్తాను. ఒగ్గేయండి."

భీమేశ్వరరావు అరుగు మీద కూలబడ్డాడు. నిజం చెప్పడానికి వచ్చినవాడు, చెప్పాడు కూడా, అది ఎక్కడా ఆనలేదు. కళ్ళలోంచి నీళ్ళు జారుతుంటే తుడుచుకోవాలని తోచలేదు.

సోములు బొండాం పట్టుకుని వచ్చాడు. బాబు కన్నీళ్ళు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య వైపు తిరిగాడు.

"సూడు, బాబుని ఎంత కష్టపెట్టినావో. సరిగ్గా అడుగు. బాబు ఇంకా సెమించినానని అననేదు."

గురువమ్మ కొంగు చెంపకి కప్పుకుంది. రెండు చేతులూ జోడించింది. ఈసారి నేల చూడలేదు, తిన్నగా ఆయన కళ్ళలోకే చూసింది.

"తప్పు నాదే బాబూ. సెమించండి."

ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

"పరవాలేదమ్మా," అన్నాడు భీమేశ్వరరావు.